పుస్తకశిల్పి కాబ్డెన్ శాండర్సన్

పుస్తకము చేతికి రాగానే చదువరి చూపు లోపలి పుటలపైకి పోవును. వ్రాసినవారి పేరు అడుగుదురు. అచ్చువేసినవారి పేరు ఒకానొకప్పుడు అడుగుదురు. దానిని కుట్టి, అట్టవేసి, బిగించినవాని పేరు అడుగువారు అరుదు. అయినను తేమకు, ధూళికి, పలువురి చేతుల ఒరిపిడికి ఎదురు నిలిచి ఆ పుటలను తరతరములు కాపాడునది ఆ పై కట్టుబడియే. మన పూర్వులు తాటాకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, రెండు చెక్కబద్దల నడుమ బంధించి గ్రంథములను రక్షించుకొనిరి. ఐరోపా ఖండమున ఆ రక్షణభారము తోలుపై పడెను. తోలును తడిపి పుస్తకమునకు మేనిచర్మమువలె తొడిగి, ఆరిన పిదప వేడి ముద్రలతో దానిపై పూలను, తీగలను తీర్చు విద్య అక్కడ పలు శతాబ్దములు సాగెను. ఆ విద్యను నలుబది రెండేండ్లు నిండిన పిదప ఓనమాలనుండి నేర్చి, ఇంగ్లండులో దానికి క్రొత్త జీవము పోసినవాడు ఒక న్యాయవాది. ఆయనయే థామస్ జేమ్స్ కాబ్డెన్ శాండర్సన్.

ఆయన 1840 వ సంవత్సరము డిసెంబరు 2 వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమున నార్తంబర్లండు మండలములోని ఆనిక్ పట్టణమున జన్మించెను. అప్పటికి ఆయన యింటిపేరు శాండర్సన్ మాత్రమే. తండ్రి ప్రభుత్వపు పన్నుల శాఖలో ఉద్యోగి. బాలుడు పలు పాఠశాలలలో చదివి, మాంచెస్టరు నగరములోని ఓవెన్సు కళాశాలలో కొంతకాలముండి, తుదకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ట్రినిటీ కళాశాలలో చేరెను. మతగురువు కావలెనని ఆయన మొదటి కోరిక. కాని చదివిన కొలది మనస్సులో సందేహములు పెరిగెను. విద్య జ్ఞానము కొరకు గాని పందెములో గెలుచుట కొరకు కాదని ఆయన నమ్మెను. అందువలన మూడేండ్లు చదివియు పట్టము పుచ్చుకొనకయే కేంబ్రిడ్జి విడిచి వచ్చెను.

పిమ్మట కొన్ని సంవత్సరములు ఆయనకు దారి తోచలేదు. తత్త్వశాస్త్ర గ్రంథములలో మునిగియుండెను. వైద్యవిద్య నేర్వదలచెను, మానుకొనెను. తుదకు న్యాయశాస్త్రము చదివి 1871 లో లండను నగరమున న్యాయవాదియయ్యెను. ఒక గొప్ప రైల్వే కంపెనీకి పార్లమెంటు చట్టముల వలన సంక్రమించిన హక్కులను, బాధ్యతలను వెదకి, కూర్చి, క్రమపరచు పని ఆయనకు లభించెను. అది కాగితముల అడవి. దానిలో తిరిగి తిరిగి ఆయన ఆరోగ్యము చెడెను. పగలెల్ల వ్రాసినను సాయంకాలమునకు ఇదిగో నేను చేసిన వస్తువు అని చూపదగినది ఏదియు లేదే అను వెలితి ఆయనను బాధించెను.

ఆరోగ్యము కొరకు ఆయన ఇటలీ దేశమునకు పోయెను. 1881 లో అక్కడి సియెనా నగరమున ఆనీ కాబ్డెన్ అను యువతితో పరిచయము కలిగెను. ఆమె తండ్రి రిచర్డు కాబ్డెన్ ధాన్యపు దిగుమతులపై సుంకము లుండరాదని పోరాడి, పేదల రొట్టెను చౌకచేసిన రాజకీయ నాయకుడు. మరుసటి సంవత్సరము వారిరువురకు వివాహమయ్యెను. భర్త పేరు భార్య ధరించుట ఆ దేశపు ఆచారము. శాండర్సన్ మాత్రము భార్య యింటిపేరును తన పేరుతో కలుపుకొని కాబ్డెన్ శాండర్సన్ అయ్యెను. స్త్రీపురుషులు సమానులను విశ్వాసమును ఆ దంపతులు మాటలతో గాక తమ పేరుతోనే చాటిరి.

ఆ కాలమున ఇంగ్లండులో యంత్రములు విజృంభించియుండెను. గుడ్డ, కుర్చీ, పాత్ర, పుస్తకము అన్నియు వేలకొలది ఒకే పోతగా వెలువడుచుండెను. పనివాడు యంత్రమునకు తోడు నిలుచువాడు మాత్రమే. చేయు పనిలో ఆనందము లేనినాడు చేసిన వస్తువులో అందముండదని విలియం మారిస్ అను కవి ఎలుగెత్తి చెప్పుచుండెను. ఆయన కవి మాత్రమే కాదు. మగ్గముపై నేసెను, రంగులు కాచెను, గుడ్డలపై అద్దకము చేసెను. కాబ్డెన్ శాండర్సన్ దంపతులు ఆయనకు మిత్రులు. 1883 జూన్ నెలలో ఒకనాటి సాయంకాలము వారు మారిస్ ఇంట విందునకు పోయిరి. మాటల నడుమ కాబ్డెన్ శాండర్సన్ తనకు చేతులతో ఏదైన పని చేయవలెనని యున్నదని చెప్పెను. మారిస్ భార్య జేన్ అది విని, పుస్తకములకు బైండింగు చేయరాదా యని అడిగెను. ఆ చిన్న ప్రశ్న ఆయన బ్రతుకును మార్చివేసెను. కొద్దిరోజులలోనే ఆయన లండనులో రోజరు డి కవర్లీ అను బైండరు కర్మశాలలో శిష్యుడుగా చేరెను.

ఇది ఆనాటి సంఘమునకు వింతగా తోచెను. న్యాయస్థానమున నల్లగౌను ధరించి నిలువదగిన విద్యావంతుడు పిండిజిగురు అంటిన ముందుగుడ్డ కట్టుకొని పనివారి ప్రక్కన నిలుచుట గౌరవహానియని పలువురు తలచిరి. ఆయన ఆ మాట లెక్కచేయలేదు. నలుబది రెండేండ్లవాడు కుఱ్ఱలతో సమానముగా మొదటి పాఠము నేర్చెను. పుటల మడతలను సరిచూచి త్రాళ్ళపై కుట్టుట, కుట్టిన పుస్తకపు వీపును సుత్తితో మెల్లగా కొట్టి గుండ్రన చేయుట, దళసరి అట్టలను త్రాళ్ళకొనలతో బిగించుట, తోలు అంచులను వాడికత్తితో పలుచగా చెక్కుట ఒక్కొక్కటిగా అభ్యసించెను.

ఆ వృత్తిలో ఆ దినములలో ఒక విభజన యుండెను. పుస్తకమును కుట్టి, అట్టలు బిగించి, తోలు తొడుగువారు ఒక తెగ. ఆరిన తోలుపై అలంకారము చేయువారు మరియొక తెగ. ఒకరి పని రెండవవారు ముట్టరు. తొడుగువాడు అలంకారమెట్లుండునో ఎరుగడు; అలంకరించువాడు తోలు ఎట్లు తొడగబడినదో తలపడు. కాబ్డెన్ శాండర్సన్ ఈ రెండు పనులను తన రెండు చేతులలోనికి తెచ్చుకొనదలచెను. పుస్తకమునకు రూపమిచ్చుటయు, రూపమునకు సొగసు దిద్దుటయు ఒకే బుద్ధినుండి పుట్టవలెనని ఆయన నిశ్చయము. ఆయన గొప్పతనమంతయు ఈ నిశ్చయముననే కలదు. దానిని గ్రహింపవలెనన్నచో తోలు స్వభావమును కొంత తెలిసికొనవలెను.

పచ్చితోలు అట్లే యుంచినచో కుళ్ళిపోవును. చెట్ల బెరడులోను, ఆకులలోను ఉండు వగరుసారముతో పదును చేసినచో అది చెడక నిలుచును. మన దేశమున ఇందులకు తంగేడు చెక్కను వాడిరి. ఐరోపాలో ఓకు బెరడును, సుమాకు ఆకులను వాడిరి. ఇట్లు పదునైన తోలునకు ఒక వింత గుణము కలదు. తడిపినచో అది మెత్తబడి, లాగినవైపు సాగి, నొక్కినచోట లొంగి, ఏ వస్తువుపై పరచిన ఆ వస్తువు ఆకృతిని పొందును. ఆ రూపముననే ఆరనిచ్చినచో బిఱుసెక్కి ఆ రూపమును విడువదు. చెప్పులు కుట్టువాడు, జీను చేయువాడు, కత్తికి ఒర చేయువాడు ఈ గుణమును నమ్మియే పనిచేయుదురు. పుస్తకము కట్టువాడును అంతే.

ఆయన మేకతోలును కొలతకు కోసి, లోపలివైపున పిండిజిగురు పలుమార్లు పూసి నాననిచ్చును. జిగురులోని తడి తోలులోనికి ఇంకి అది పట్టువలె మెత్తనగును. అప్పుడు దానిని పుస్తకపు వీపుపై పరచి అరచేతులతో రెండు ప్రక్కలకు నిమురుచు లాగును. వీపుపై కుట్టుత్రాళ్ళు చిన్న గట్లవలె పొడుచుకొని యుండును. ప్రతి గట్టునకు ఇరువైపుల తోలును పట్టకారుతో నొక్కి, ఎముకబద్దతో రుద్ది, లోపలి త్రాడు రూపము పైకి స్పష్టముగా కనబడునట్లు చేయును. పైకొసను, క్రిందికొసను తోలును లోనికి మడిచి, ఆ మడతను చిన్న టోపీవలె దిద్దును. మూలలయందు తోలు ముడుత పడకుండ మడచును. ఈ పనిలో ఓర్పు ఎంత వలయునో మెలకువయు అంత వలయును. ఎక్కువ లాగినచో తోలుపై సహజముగానున్న గరుకుపొర నశించును. ఆరిన పిదప కుదించుకొని అట్టలను వంకరచేయును. తక్కువ లాగినచో వీపునకు అంటక బుడగలు కట్టును. తడితోలునకు ఇనుప పనిముట్టు తగిలినచో తోలులోని వగరుసారము ఇనుముతో కలిసి నల్లని మచ్చ పడును. ఆ మచ్చను పోగొట్టుట మిగుల కష్టము. ఇట్లు తొడిగిన పుస్తకమును బరువు క్రింద ఉంచి నెమ్మదిగా ఆరనిత్తురు. తొందరపడి నిప్పుచెంత పెట్టరాదు.

ఆరిన పిదప రెండవ పని ఆరంభమగును. ఇత్తడి ముద్రలకు కఱ్ఱ పిడులుండును. ఒక్కొక్క ముద్ర కొసను ఒక ఆకు, ఒక మొగ్గ, ఒక చుక్క, ఒక వంపు మాత్రమే చెక్కబడియుండును. మొదట కాగితముపై చిత్రమును సిద్ధపరచి, ఆ కాగితమును తోలుపై పెట్టి, దానిమీదుగా ముద్రలను ఒత్తి గుర్తులు చేయుదురు. పిమ్మట తోలును కొంచెము చెమ్మగిల్లజేసి ఆ గుర్తులలో గోరువెచ్చని ముద్రను మరల ఒత్తుదురు. చెమ్మ వేడి కలిసినచోట తోలు అణగి, రంగు ముదిరి, గుర్తు స్థిరమగును. బంగారము లేని ఈ అలంకారము నిరాడంబరమైనను మిక్కిలి గంభీరము. బంగారము వలయునన్నచో ఆ గుర్తులలో కోడిగ్రుడ్డు తెల్లసొనను పూసి ఆరనిచ్చి, ఊపిరికి ఎగిరిపోవునంత పలుచని బంగారురేకును పరచి, ఇంకను వేడియైన ముద్రను సరిగా అదే గుర్తుపై నొక్కుదురు. వేడికి తెల్లసొన గట్టిపడి రేకును పట్టుకొనును. మిగిలిన రేకును తుడిచివేయగా పువ్వు మెరయుచు నిలుచును.

ముద్ర వేడిని కొలుచుటకు ఆయన యొద్ద యంత్రమేదియు లేదు. తడిగుడ్డపై తాకించినప్పుడు వచ్చు సవ్వడిని బట్టియే నిర్ణయింపవలెను. వేడి మించినచో తోలు మాడి నల్లబడి పెళుసగును; తగ్గినచో బంగారము అంటదు. తోలులో తడి మిక్కుటముగా నున్నచో వెచ్చని ముద్రయే దానిని కాల్చివేయును. బొత్తిగా ఎండియున్నచో బంగారము లేని గుర్తు నిలువదు. చేయి వెంట్రుకవాసి కదలినను గీత జంటగీతగా మారును. నీరు ఎక్కడ ఆగవలెనో, నిప్పు ఎక్కడ మొదలు కావలెనో తెలిసికొనుటయే ఈ విద్యలోని మర్మము. మొదట తడిచేత సరియైన రూపము ఏర్పడనిచో పిదప ఎంత బంగారము అద్దినను ఆ పుస్తకము అందగింపదు. గట్లు వంకరగా నున్న వీపుపై తీగ తిన్నగా సాగదు. రెండు పనులును ఒక్కచేతి మీదుగా జరిగినప్పుడే ఒకదానికొకటి ఒదుగునని కాబ్డెన్ శాండర్సన్ అనుభవమున గ్రహించెను.

1884 లో ఆయన లండనులోని మెయిడెన్ లేన్ వీధిలో స్వంత కర్మశాల తెరచెను. భార్య ఆనీ పుటలు కుట్టును. తక్కిన పనులన్నియు ఆయన చేయును. అమ్మకమునకు సిద్ధమైయున్న ముద్రల కట్టలను ఆయన కొనలేదు. తోటలలోని గులాబీని, డెయిసీ పూవును, ఆకును చూచి చిత్రించి, ఆ రూపములతో తన కొరకు క్రొత్త ముద్రలు చేయించుకొనెను. ఆ కొద్ది ముద్రలనే పలువిధముల కూర్చి, ఒక్కొక్క పుస్తకమునకు ఒక్కొక్క క్రొత్త పందిరి వేసెను. లోపలి గ్రంథపు భావమునకు పై అలంకారము తగియుండవలెనని ఆయన నియమము.

ఆ ఏడే మిత్రుడు మారిస్ ఒక పుస్తకము తెచ్చియిచ్చెను. అది కార్ల్ మార్క్స్ రచించిన మూలధనము అను గ్రంథమునకు ఫ్రెంచి అనువాదము. మారిస్ దానిని మరల మరల చదువుటచే పుటలన్నియు విడిపోయి చిందరవందరగా నుండెను. కాబ్డెన్ శాండర్సన్ వానిని చక్కబరచి కుట్టి, తోలు తొడిగి, బంగారు పూలతో అలంకరించి యిచ్చెను. శ్రామికుల కష్టములను గూర్చిన గ్రంథమునకు ఒక శ్రామికుని చేతి నేర్పే భూషణమయ్యెను. 1884 మొదలు 1893 వరకు ఆయన తన చేతులతో 150 కి పైగా పుస్తకములను కట్టెను. వానిలో కొన్నింటిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీ నేటికిని భద్రపరచుచున్నది.

హస్తకళల నభిమానించు చిత్రకారులు, శిల్పులు, నేతగాండ్రు 1887 లో ఒక సంఘముగా ఏర్పడిరి. చిత్రపటములను చూపు ప్రదర్శనలు పెక్కులుండెను గాని, కుర్చీలను, కుండలను, పుస్తకములను కళాఖండములుగా చూపునది లేకుండెను. ఆ లోపమును తీర్చుటకు పుట్టిన ఆ సంఘమునకు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అను పేరు సూచించినవాడు కాబ్డెన్ శాండర్సనే. కళ, వృత్తి వేరు వేరు కావను అర్థము ఆ రెండు మాటలలో ఇమిడియున్నది. ఆ పేరు పిదప ఒక మహోద్యమమునకు పేరై, ఐరోపా అమెరికా ఖండములందు వ్యాపించెను.

1893 లో ఆయన థేమ్సు నదీతీరమున, లండనులోని హామర్‌స్మిత్ ప్రాంతమున డవ్స్ బైండరీ అను పెద్ద కర్మశాల స్థాపించెను. నాటినుండి ఆయన చిత్రములు కల్పించి పనిని పర్యవేక్షించుచుండగా, నేర్పరులైన పనివారు వానిని తోలుపై నిలుపుచుండిరి. డగ్లస్ కాకెరెల్ అను యువకుడు అక్కడ శిష్యుడుగా చేరెను.

ఆ కర్మశాలకు వచ్చిన పనులలో మిక్కిలి కఠినమైనది ఒకటి కలదు. మారిస్ తన కెల్మ్‌స్కాట్ ముద్రణాలయమున ఆంగ్ల ఆదికవి చాసరు గ్రంథములన్నింటిని ఒకే మహాసంపుటముగా అచ్చువేసి 1896 లో వెలువరించెను. వానిలో 48 ప్రతులకు డవ్స్ బైండరీలో తెల్లని పందితోలుతో బైండింగు జరిగెను. పందితోలు దళసరి, బలమైనది. వెంట్రుకల మూలములు మూడేసిగా గుంపులుగా దానిపై కనబడును. పలుచగా చెక్కినచో దాని బలము నశించును. దళసరిగా నుంచినచో సులభముగా వంగదు. దానిని తడిపి లొంగదీసి, ఆ భారీ గ్రంథపు వీపుగట్లపైకి, అట్టలపైకి తొడుగవలసివచ్చెను. పిమ్మట మారిస్ చిత్రించి యిచ్చిన తీగలను, ఆకులను బంగారము లేకుండ వేడి ముద్రలతోనే అట్టలపై నింపిరి. వెండి కొక్కెములు బిగించిరి. నీరు ఇచ్చిన రూపము, నిప్పు ఇచ్చిన రేఖ ఒకదానిలో ఒకటి లీనమైన ఆ గ్రంథములు ఆ కళకు నిదర్శనములై నేటికిని నిలిచియున్నవి. మారిస్ ఆ సంవత్సరమే అక్టోబరు నెలలో కన్నుమూసెను.

పై కట్టుబడి ఎంత చక్కగా నున్నను లోపలి అచ్చు హీనమైనచో ఫలమేమి యను ఆలోచన కాబ్డెన్ శాండర్సనుకు కలిగెను. 1900 లో ఆయన ఎమెరీ వాకర్ అను ముద్రణ నిపుణునితో కూడి డవ్స్ ముద్రణాలయము స్థాపించెను. పదునైదవ శతాబ్దమున వెనిస్ నగరమున నికొలాస్ జెన్సన్ వాడిన అక్షరములను ఆదర్శముగా గొని వారు క్రొత్త అక్షరములు పోతపోయించిరి. వానితో బొమ్మలు లేకుండ, అనవసరపు అలంకారములు లేకుండ, కేవలము అక్షరముల పొందికచేతనే అందగించు పుస్తకములు వెలువడెను. 1903 మొదలు 1905 వరకు అయిదు సంపుటములుగా వచ్చిన బైబిలు వానిలో తలమానికము.

ఆనీ యును ఊరకుండలేదు. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడుచు 1906 లో ఆమె చెరసాలకు పోయెను. దక్షిణాఫ్రికా భారతీయుల తరఫున అప్పుడు లండనుకు వచ్చియున్న మహాత్మా గాంధీ ఆ స్త్రీల ధైర్యమును గాంచి, కాబ్డెన్ కుమార్తె కారాగారమున కేగిన సంగతిని తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ప్రశంసించెను.

ఇంత ఉన్నతుడైన ఆ శిల్పి జీవితమున ఒక మచ్చయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. కొంతకాలమునకు ఆయనకును వాకర్‌కును మనస్సులు కలియలేదు. 1909 లో వారి భాగస్వామ్యము అంతమయ్యెను. డవ్స్ అక్షరములు బ్రతికినంతకాలము కాబ్డెన్ శాండర్సన్ యొద్ద నుండవలెననియు, ఆయన అనంతరము వాకర్‌కు చెందవలెననియు ఒడంబడిక జరిగెను. అప్పటికే ఆయనకు అరువది ఎనిమిదేండ్లు. ఏ చేతులలో ఆ అక్షరములు పడునో, ఏ యంత్రములు వానిని ఏ హీనమైన పనికి వాడునో యను భయము ఆయనను వదలలేదు. తాను ప్రాణముపోసిన దానిని మరొకరికి అప్పగింప మనసొప్పలేదు. 1913 లో అక్షరముల మూలపు అచ్చులను ఆయన థేమ్సు నదిలో పడవేసెను. 1916 ఆగస్టు మొదలు 1917 జనవరి వరకు చీకటి రాత్రులందు హామర్‌స్మిత్ వంతెనపైకి పోయి, సీసపు అక్షరములను మూటలుగా మోసికొనిపోయి నీటిలో జారవిడిచెను. ఒక టన్నుకు మించిన ఆ బరువును డెబ్బది అయిదేండ్లు దాటిన వృద్ధుడు ఒంటరిగా నూరుసార్లకు మించి నడిచి మోసెను. ఎంత శ్రమ! ఎంత వ్యర్థము!

వస్తువుపై ప్రేమ ఎంత గొప్పదైనను ఇచ్చిన మాటకంటె గొప్పది కాదు. ఆ అక్షరములు ఆయన ఒక్కనివి కావు. వాకర్ నైపుణ్యమును, అక్షరములు చెక్కిన పనివాని చేతి నేర్పును వానిలో నుండెను. పని అందరిదియని లోకమునకు చాటినవాడే తుదకు అది తనదియని మూటకట్టెను. తోలు తడిగానున్నప్పుడే దిద్దవలెను. ఆరి బిగిసిన పిదప వంచబోయినచో విరుగును. పగయు అట్టిదే. మొదటనే సర్దుకొనవలసిన మనస్సులు బిగిసిపోవుటచే ఒక గొప్ప కృషి నీటి పాలయ్యెను.

1922 సెప్టెంబరు 7 వ తేదీన కాబ్డెన్ శాండర్సన్ తన నదీతీర గృహమున మరణించెను. అక్షరముల నష్టమునకై వాకర్ న్యాయము కోరగా, ఆనీ సొమ్ము చెల్లించి ఆ వివాదమును ముగించెను. 1926 లో ఆమెయు మరణించెను. దంపతుల చితాభస్మమును ఇంటి తోట గోడలోని గూటియందుంచిరి. 1928 లో థేమ్సు నది పొంగి ఆ భస్మమును తనలో కలుపుకొని పోయెను. దాదాపు ఒక శతాబ్దము నీటి అడుగున పడియున్న అక్షరములలో 150 మాత్రము 2014 లో గజయీతగాండ్రకు దొరకెను.

నదిలో పడినవి పోగా, చేతులనుండి చేతులకు అందినది నిలిచెను. శిష్యుడు కాకెరెల్ తాను నేర్చిన విద్యను దాచుకొనలేదు. 1901 లో పుస్తకముల బైండింగును, సంరక్షణను గూర్చి సమగ్రమైన గ్రంథము వ్రాసి, తోలు చెక్కుటనుండి బంగారము ఒత్తుట వరకు ప్రతి మెళకువను ఎల్లరకు తెలిపెను. లండనులోని కళాశాలలో పెక్కుమందికి స్వయముగా నేర్పెను. నాలుగవ శతాబ్దమునాటి సైనాయి బైబిలు ప్రతిని బ్రిటిష్ మ్యూజియము కొన్నప్పుడు, దానిని చక్కబరచి 1935 లో బైండింగు చేసినవాడు ఆ కాకెరెలే. గురువు పనిలోని శుద్ధి శిష్యుని చేతిలో పదునారు వందల యేండ్ల గ్రంథమునకు రక్షయయ్యెను.

నలుబది రెండేండ్లు నిండిన పిదప క్రొత్త విద్య నారంభించుటకు సిగ్గుపడకుండుట, చేతిపనిని చిన్నచూపు చూడకుండుట, ఒక పనిని ముక్కలుగా గాక మొదటినుండి తుదివరకు ఒకే శ్రద్ధతో చేయుట కాబ్డెన్ శాండర్సన్ జీవితమున గ్రహింపదగిన గుణములు. తన పనిని పరుల కప్పగించునపుడు మనస్సు విశాలము కావలెనను పాఠమును ఆయన లోపము నేర్పుచున్నది. గ్రంథాలయమున పాత పుస్తకమేదైన చేతికి వచ్చినప్పుడు దాని వీపుపై ఒకసారి వ్రేలు నడిపి చూడవలెను. అక్కడ పేరు లేని పనివాడొకడు నీటితోను నిప్పుతోను వ్రాసిన వ్రాత తగులును.